తెలుగులో రాసేటప్పుడు ప్రత్యేక అక్షరాలు, గుర్తులు పెట్టడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు టైపింగ్ చకచకా చేసేవాళ్లు కూడా కొన్నిచోట్ల ఆగిపోతారు. వంటల పోస్టులో అర కప్పు, ధర పక్కన రూపాయి గుర్తు, పద్యం చివర రెండు గీతలు, పాత కవిత్వంలో అరసున్న. కీబోర్డు మీద ఇవి కనబడవు కాబట్టి అలాంటి ఆకారమే ఉన్న ఇంకో గుర్తుతో సరిపెట్టేస్తుంటారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ వెతికితే దొరకదు, ఇంకో ఫోన్‌లో తెరిస్తే మారిపోతుంది. అలాంటి తంటాల గురించి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలే ఇవి.

ప్రత్యేక అక్షరం అంటే అసలు ఏమిటి?

మీ కీబోర్డు మీద నేరుగా కనబడనిది ఏదైనా. కంప్యూటర్‌కి మాత్రం మామూలు అక్షరం, ప్రత్యేక అక్షరం అనే తేడా లేదు. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక సంఖ్య ఉంటుంది. తెలుగుకి 3072 నుంచి 3199 దాకా 128 గడులు ఇచ్చారు. సున్నకి 3074, విసర్గకి 3075, బండి ఱకి 3121. తెర మీద కనిపించే ఆకారం ఫాంటు గీసే బొమ్మ మాత్రమే, దాచుకునేది ఆ సంఖ్యని. ఈ పేజీలో సగం ప్రశ్నలకి జవాబు ఇక్కడే ఉంది.

కంప్యూటర్‌లో అన్నిటికంటే తేలిక దారి ఏది?

విండోస్ 10, 11లలో విండోస్ కీ పట్టుకుని చుక్క కీ నొక్కండి. ఎమోజీల పెట్టె తెరుచుకుంటుంది. చాలామంది ఎమోజీలు చూసి మూసేస్తారు గానీ, అందులోనే గుర్తుల విభాగం కూడా ఉంది. కరెన్సీ, గణితం, బాణాలు, విరామ చిహ్నాలు అన్నీ అక్కడే. మ్యాక్‌లో కంట్రోల్, కమాండ్, స్పేస్ మూడూ కలిపి నొక్కితే ఇలాంటి పెట్టే వస్తుంది. విండోస్‌లో పాతకాలం నుంచీ ఉన్న క్యారెక్టర్ మ్యాప్ ఇప్పటికీ పనికొస్తుంది. ముఖ్యంగా ఒక ఫాంటులో ఏయే తెలుగు అక్షరాలు ఉన్నాయో చూడాలంటే దానికి సాటి లేదు.

రాసే చోటే కావాలంటే, బ్లాగర్ పట్టీలో ప్రత్యేక అక్షరాల బటన్ ఉంటుంది. వర్డ్‌ప్రెస్ పాత ఎడిటర్‌లో రెండో వరస పట్టీ తెరిస్తే Ω బొమ్మతో బటన్ కనబడుతుంది. కొత్త బ్లాక్ ఎడిటర్‌లో అలాంటిది లేదు, ప్లగిన్ వేసుకోవాల్సిందే. నన్నడిగితే ఒక్క డిగ్రీ గుర్తు కోసం ప్లగిన్ దండగ.

గూగుల్ డాక్స్‌లో ప్రత్యేక అక్షరాల పెట్టె తెరిస్తే ఒక ఖాళీ గడి ఉంటుంది. గుర్తు పేరు తెలియకపోయినా మౌస్‌తో అందులో గీయండి, పోలిన గుర్తులు చూపిస్తుంది. అక్కడినుంచి కాపీ చేసుకుని మీ పోస్టులో పెట్టుకోవచ్చు.

ఆల్ట్ కీతో నంబర్లు కొట్టే పద్ధతి ఇంకా పనిచేస్తుందా?

విండోస్‌లో చేస్తుంది. కీబోర్డుకి కుడివైపు నంబర్ ప్యాడ్ ఉండాలి, నమ్ లాక్ ఆన్‌లో ఉండాలి. ఆల్ట్ పట్టుకుని 0169 కొడితే ©, 0176 కొడితే °, 0189 కొడితే ½, 0188 కొడితే ¼, 0190 కొడితే ¾, 0215 కొడితే ×. ముందున్న సున్న వదిలేయకండి, అది లేకపోతే వేరే గుర్తు వస్తుంది.

ఈ పద్ధతి చిన్న సంఖ్యలకే నమ్మకం. ₹ సంఖ్య 8377. వర్డ్‌లో ఆల్ట్ పట్టుకుని 8377 కొడితే రూపాయి వస్తుంది. పాతకాలపు ప్రోగ్రాముల్లో అదే కొడితే ╣ లాంటిదేదో వస్తుంది, ఎందుకంటే అవి 255 దాటిన సంఖ్యని 256తో భాగించి శేషాన్ని మాత్రమే తీసుకుంటాయి. వర్డ్‌లో ఇంకో సౌకర్యం కూడా ఉంది. 0964 (2404 అనే సంఖ్యనే పదహారు ఆధారంగా రాస్తే ఇలా ఉంటుంది) అని టైప్ చేసి, వెంటనే ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే అది । గా మారిపోతుంది. 0965 అయితే ॥. లినక్స్‌లో చాలాచోట్ల కంట్రోల్, షిఫ్ట్, యూ నొక్కి, ఇవే అంకెలు కొట్టి ఎంటర్ నొక్కాలి.

ఫోన్‌లో?

కీని నొక్కి పట్టుకోవడం అలవాటు చేసుకోండి. జీబోర్డ్‌లో అంకెల పేజీకి వెళ్లి 1ని నొక్కి పట్టుకుంటే ½, ¼ లాంటివి పైకి వస్తాయి. అడ్డగీతని పట్టుకుంటే పొడవైన గీతలు వస్తాయి. డిగ్రీ గుర్తు గుర్తుల రెండో పేజీలో ఉంటుంది. ఐఫోన్‌లో అయితే దానికోసం అంకె 0ని నొక్కి పట్టుకోవాలి.

వంటల పోస్టులో 1/2 అని రాస్తే తప్పా?

తప్పేం కాదు. కానీ ఒకటిన్నర రాయాల్సినచోట 1 తర్వాత ఖాళీ వదలడం మరిచిపోతే 11/2 అవుతుంది. కూరలో 11/2 చెంచాల కారం అని చదివినవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. 1½ అని పెడితే ఆ గొడవ లేదు. మూడో వంతుకి ⅓, మూడింట రెండు వంతులకి ⅔ ఉన్నాయి. లేదంటే హాయిగా ‘ఒకటిన్నర చెంచా’ అని రాయండి, తెలుగులో అంతకంటే స్పష్టంగా ఏదీ ఉండదు.

రూపాయి గుర్తు కొన్ని పాత పోస్టుల్లో ` లా కనిపిస్తోంది. ఎందుకు?

డి. ఉదయ కుమార్ గీసిన ఈ గుర్తుని కేంద్ర ప్రభుత్వం 2010 జూలై 15న ఆమోదించింది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన యూనికోడ్ 6.0లో దానికి 8377 సంఖ్య దక్కింది. ఈలోగా జనం ఆగలేదు. ట్యాబ్ కీ పైన ఉండే ` గుర్తు స్థానంలో రూపాయి బొమ్మ గీసి ఒక ఫాంటు వదిలారు. చాలామంది దాన్ని దించుకుని ఎడాపెడా వాడేశారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో ₹500, లేనిచోట `500. అప్పటి పోస్టులు మీ దగ్గర ఉంటే వెతికి మార్చుకోవడం తప్ప మార్గం లేదు.

ఇప్పుడు టైప్ చేయడానికి, విండోస్‌లో కీబోర్డు భాష ఇంగ్లిష్ ఇండియా అని ఉంటే కంట్రోల్, ఆల్ట్, 4 కలిపి నొక్కితే చాలు. మన దగ్గర అమ్మే చాలా ల్యాప్‌టాప్‌ల మీద 4 కీ పక్కన ₹ ముద్రించి ఉంటుంది, నొక్కితే మాత్రం రాదు. అమెరికా ఇంగ్లిష్ కీబోర్డు ఎంచుకుని ఉండటమే దానికి మామూలు కారణం. భాషల సెట్టింగుల్లో మార్చుకోండి.

‘రూ.’ అని రాసినా తప్పు లేదు. ఒకే పోస్టులో రెండూ కలపకుండా ఉంటే చాలు.

హెచ్‌టీఎంఎల్ కోడ్‌తో పెట్టాలంటే?

&# అని రాసి, గుర్తు సంఖ్య వేసి, సెమీకోలన్ పెట్టాలి. &#8377; అంటే ₹. &#169; అంటే ©. &#2405; అంటే ॥. దీన్ని హెచ్‌టీఎంఎల్ వ్యూలోనే రాయాలి. మామూలుగా రాసే వ్యూలో రాస్తే కోడ్ కోడ్‌లాగే కనబడుతుంది.

నిజానికి ఇప్పుడు చాలావాటికి ఈ కోడ్ అవసరం లేదు, గుర్తునే నేరుగా పేస్ట్ చేయొచ్చు. తప్పనిసరి అయ్యేది హెచ్‌టీఎంఎల్ వ్యూలో < గుర్తు చూపించాల్సి వచ్చినప్పుడు. అక్కడ దాన్ని నేరుగా రాస్తే బ్రౌజర్ ట్యాగ్ మొదలైందనుకుంటుంది, ఆ తర్వాతి మాటలు మాయమైపోతాయి. కాబట్టి < కి &#60;, > కి &#62;, & కి &#38; రాయాలి. &#160; కూడా పనికొచ్చేదే. చూడ్డానికి మామూలు ఖాళీ, కానీ అక్కడ వరస విరగదు. ‘5 కిలోలు’లో 5 ఒక వరసలో, కిలోలు ఇంకో వరసలో పడకుండా ఉండాలంటే మధ్యలో దీన్ని పెట్టండి.

నా పోస్టులో ఉన్న మాటే వెతికినా దొరకడం లేదు. టైపింగ్ సరిగ్గానే ఉంది కదా?

ముందు సున్నలు చూడండి. ‘వంకాయ’, ‘వ౦కాయ’ ఈ రెండూ ఒకేలా కనిపిస్తున్నాయా? మొదటిదాంట్లో ఉన్నది సున్న, అంటే 3074. రెండోదాంట్లో ఉన్నది తెలుగు అంకెల్లోని సున్నా, 3174. సరిగ్గా వంద తేడా. చాలా ఫాంటుల్లో రెండింటినీ పక్కపక్కన పెట్టినా పోల్చుకోలేం. కంప్యూటర్‌కి మాత్రం రెండోది మాటే కాదు, రెండు అక్షరాల మధ్య ఇరుక్కున్న అంకె. ఎవరైనా వంకాయ కూర అని వెతికితే మీ పోస్టు రాకపోవచ్చు. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అక్కడికి రాగానే తడబడుతుంది. ఇంకొందరు ఇంగ్లిష్ ఓ అక్షరం పెట్టేస్తారు, అది మరీ అన్యాయం.

తర్వాత విసర్గ. ‘దుఃఖం’ అని రాయాల్సినచోట కోలన్ పెట్టి ‘దు:ఖం’ అని రాయడం తెలుగు నెట్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. అంతఃకరణ, పునఃప్రారంభం కూడా దీన్ని నిశ్శబ్దంగా భరిస్తున్నాయి. కోలన్ మాటని రెండు ముక్కలు చేస్తుంది, వరస చివర పడితే ‘దు:’ ఒక వరసలో, ‘ఖం’ మరో వరసలో తేలే ప్రమాదం ఉంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో (భారతీయ భాషల ప్రామాణిక కీల అమరిక) విసర్గకి కీ ఉంది. ఫోన్ తెలుగు కీబోర్డుల్లో సున్న పక్కనో, సున్నని నొక్కి పట్టుకుంటేనో సాధారణంగా దొరుకుతుంది.

పాత పోస్టులు బాగుచేయాలంటే ౦ ని కాపీ చేసి, వెతికి మార్చే పెట్టెలో వేసి, ం తో మార్చండి. కోలన్ విషయంలో మాత్రం అన్నీ ఒకేసారి మార్చొద్దు. ‘సమయం: ఉదయం 10:30’ లాంటివన్నీ విసర్గలైపోతాయి.

అరసున్న, బండి ఱ, ౘ, ౙ ఎక్కడ దొరుకుతాయి?

ఇన్‌స్క్రిప్ట్‌లో షిఫ్ట్ పట్టుకుని ఎక్స్ కీ నొక్కితే అరసున్న ఁ, జే కీ నొక్కితే ఱ. కోడ్‌లు కావాలంటే అరసున్నకి 3073, ఱకి 3121, అవగ్రహం ఽకి 3133. ‘వాఁడు’ అని రాసేటప్పుడు దీర్ఘం తర్వాతే అరసున్న కొట్టాలి. ముందు కొడితే దీర్ఘం విడిపోయి చుక్కల వలయం మీదకెక్కి కూర్చుంటుంది.

ౘ, ౙ లకి సంఖ్యలు 3160, 3161. ‘ౘాప’, ‘ౙాము’ అని పలుకుబడి చూపించాలనుకునేవాళ్లకి ఇవి కావాలి. ఇవీ, అవగ్రహమూ యూనికోడ్‌లోకి ఆలస్యంగా, 2008లో 5.1 వెర్షన్‌తో వచ్చాయి. అంతకుముందు తయారైన ఫాంటుల్లో ఇవి ఉండవు. మీకు కనబడుతోంది కదా అని అందరికీ కనబడుతుందనుకోకండి.

పద్యాలు రాసేటప్పుడు ॥ ఎలా పెట్టాలి? గురులఘువులు గుర్తించడం ఎలా?

॥ ని వెతికేవాళ్లు తెలుగు గడుల్లో చూసి లేదనుకుంటారు. ఒంటి గీత । 2404, జంట గీత ॥ 2405. ఇవి దేవనాగరి గడుల్లో ఉన్నాయి, అయినా చాలా భారతీయ లిపులు వీటినే పంచుకుంటాయి. తెలుగు పక్కన పెట్టినా తప్పేం లేదు. ఉ॥, చ॥, కం॥ అని పద్యం పేరు సూచించడానికీ, కీ॥శే॥ లాంటి పొట్టి రూపాలకీ ఇదే గుర్తు. దీని బదులు కీబోర్డు మీది నిలువు గీతని రెండుసార్లు కొట్టి || పెడితే, ఫాంటుని బట్టి అవి ఎడంగానో, అక్షరాల కిందికి జారినట్టో కనబడతాయి.

గురులఘువులకి పుస్తకాల్లో గురువుకి ∪ ఆకారం, లఘువుకి నిలువు గీత వాడతారు. ∪ గణితంలో సమ్మేళనం గుర్తు, సంఖ్య 8746, నిలువు గీత కీబోర్డు మీదిదే. ఇబ్బంది గుర్తులతో కాదు, వాటిని అక్షరాల నెత్తిన నిలబెట్టడంతో. ‘శ్రీరామ’ తగణం, ∪∪|. ఖాళీలు కొడుతూ పైవరసలో సర్దితే మీ కంప్యూటర్‌లో చక్కగా కూర్చుంటాయి, ఫోన్‌లో తెరవగానే రెండో గురువు ‘మ’ మీద వాలుతుంది. తెలుగు అక్షరాల వెడల్పులు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి, పైగా బ్రౌజర్ వరస ఖాళీలన్నిటినీ ఒక్కటి చేసేస్తుంది. రెండు వరసల పట్టిక పెట్టండి. పై గడిలో గుర్తు, కింద గడిలో అక్షరం. గీతలు కనబడకుండా చేసుకుంటే అచ్చు పుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది. పద్యం మొత్తానికి కాకుండా ఒక్కో పాదానికి ఒక్కో పట్టిక పెడితే ఫోన్‌లో కూడా తెర దాటిపోదు.

వేదమంత్రాలు స్వరాలతో రాసేవాళ్లకి పైన నిలువు గీత 2385, కింద అడ్డగీత 2386. ఇవి కూడా దేవనాగరి గడుల్లోవే. అక్షరం, గుణింతం అంతా అయ్యాక చివర కొట్టాలి. అన్ని తెలుగు ఫాంటులూ వీటిని సరైన చోట కూర్చోబెట్టలేవు, ప్రచురించే ముందు ఫోన్‌లో తెరిచి చూసుకోండి.

‘హైదరాబాద్‌లో’ అని రాస్తే ‘హైదరాబాద్లో’ అయిపోతోంది. ఏం చేయాలి?

తెలుగులో రాసేవాళ్లకి అన్నిటికంటే ఎక్కువగా కావాల్సిన ప్రత్యేక అక్షరం ఇదే, కానీ కంటికి కనబడదు. పొల్లు తర్వాత హల్లు వస్తే దాన్ని ఒత్తుగా మార్చడం యూనికోడ్ పద్ధతి. అలా మారొద్దు, పొల్లుగానే ఉండాలి అని చెప్పడానికి మధ్యలో పెట్టేదే జీరో విడ్త్ నాన్ జాయినర్, సంఖ్య 8204. వెడల్పు లేదు, ఆకారం లేదు. సాఫ్ట్‌వేర్, రాజ్‌కుమార్, ఫేస్‌బుక్, ఆఫీస్‌కి, అన్నీ దీని మీదే నడుస్తున్నాయి. ఇది ఉందో లేదో చూడాలంటే ‘హైదరాబాద్’ తర్వాత, ‘లో’ ముందు కర్సర్ పెట్టి ఒక్కసారి బ్యాక్‌స్పేస్ నొక్కండి. ఏ అక్షరమూ చెరగదు, ‘లో’ మాత్రం కిందికి దిగి ‘ద’కి ఒత్తుగా అతుక్కుంటుంది.

ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే కీబోర్డులు చాలా మాటలకి దీన్ని వాటంతటవే పెడతాయి. పెట్టకపోతే హెచ్‌టీఎంఎల్ వ్యూలో &#8204; రాయొచ్చు. మధ్యలో స్పేస్ కొట్టి ‘హైదరాబాద్ లో’ అని సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. చదవడానికి ఇబ్బంది లేదు గానీ వరస చివర ‘లో’ ఒంటరిగా కిందికి జారిపోతుంది.

అవసరం లేనిచోట మాత్రం పెట్టొద్దు. ఇది ఉన్న మాటనీ, లేని మాటనీ చాలా ప్రోగ్రాములు వేర్వేరుగా లెక్కిస్తాయి. లింకుల్లో, ట్యాగుల్లో, పాస్‌వర్డుల్లో ఇది దూరితే తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

తెలుగు అక్షరం ఐఫోన్లని పడగొట్టిందంటారు, నిజమేనా?

నిజమే. 2018 ఫిబ్రవరి సంగతి. జ, పొల్లు, ఞ, ఆ పైన ఈ కనబడని అక్షరం, చివర దీర్ఘం. ఈ వరసలో వచ్చిన ‘జ్ఞా’ని గీయలేక ఆపిల్ సాఫ్ట్‌వేర్ చతికిలబడింది. మెసేజ్‌లో ఆ అక్షరం వస్తే ఆ యాప్ తెరుచుకునేది కాదు, నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మొరాయించేది. ఆకతాయిలు దాన్ని అందరికీ పంపి ఆడుకున్నారు. ఫిబ్రవరి 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ సరిచేసింది. వార్తల్లో తెలుగు అక్షరానిది తప్పన్నట్టు రాశారు గానీ, మామూలుగా రాసే ‘జ్ఞానం’లో ఆ కనబడని అక్షరం ఉండదు. దానితో ఏ ఫోనూ ఆగలేదు.

గుర్తుల బదులు డబ్బాలు, ప్రశ్నార్థకాలు, పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. మూడూ ఒకే జబ్బా?

కాదు. డబ్బా కనబడితే అక్షరం క్షేమంగానే ఉంది, దాన్ని గీయడానికి ఫాంటులో బొమ్మ లేదు. ఫాంటు మారిస్తే వచ్చేస్తుంది. వరసగా ప్రశ్నార్థకాలు కనబడితే అక్షరం పోయింది. దాచే దారిలో ఎక్కడో చెరిగిపోయి దాని స్థానంలో నిజంగానే ప్రశ్నార్థకం చేరింది. మళ్లీ టైప్ చేయాల్సిందే. తెలుగు బదులు నెత్తిన గీతలున్న యూరప్ అక్షరాల గుంపు కనబడితే, యూటీఎఫ్-8లో (యూనికోడ్ సంఖ్యల్ని ఫైల్‌లో దాచే పద్ధతి) ఉన్నదాన్ని వేరే పద్ధతిలో చదువుతున్నారని అర్థం. ఫైల్‌ని మళ్లీ తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 అని ఎంచుకుంటే సాధారణంగా బాగవుతుంది. కంగారుపడి అలాగే సేవ్ చేసేయకండి.

నాలుగో రకం కూడా ఉంది. డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన ఫైల్‌లో తెలుగు చక్కగా ఉంటుంది, కాపీ చేసి పెడితే ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగం వస్తుంది. అది ‘అను’ అనే డీటీపీ ఫాంటుల్లో చేసినదై ఉంటుంది. అక్కడ ఉన్నది ఇంగ్లిష్ సంఖ్యలే, ఫాంటు వాటిమీద తెలుగు ముక్కల బొమ్మలు గీస్తుంది. యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, విసర్గలు, కొటేషన్ గుర్తులు కళ్లతో చూసుకోవాలి.

ఎమోజీ పెట్టి సేవ్ చేస్తే అక్కడినుంచి కింద పోస్టంతా పోయింది!

యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు పడితే, చాలా ఎమోజీలకి నాలుగు పడతాయి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ల పాత అమరికలో అక్షరానికి మూడు బైట్లే చోటు. అందుకే తెలుగు ఇబ్బంది లేకుండా దాగి, ఎమోజీ దగ్గర తెగిపోతుంది. వర్డ్‌ప్రెస్ 2015 ఏప్రిల్‌లో 4.2 వెర్షన్‌తో నాలుగు బైట్ల పద్ధతికి మారింది. అంతకుముందు పెట్టిన సైట్లలో, సర్వర్ పాతదైతే, ఆ మార్పు జరగకుండా ఉండిపోయి ఉండొచ్చు. హోస్టింగ్ వాళ్లని అడగండి. ఈలోపు ఎమోజీలు మానేయండి.

పోస్టులో పెట్టిన కోడ్ కాపీ చేస్తే పనిచేయడం లేదని చదివేవాళ్లు అంటున్నారు.

కొటేషన్ గుర్తులు వంకరయ్యాయి. మీరు " అని తిన్నగా కొడితే వర్డ్‌ప్రెస్ చూపించేటప్పుడు “ ” చేస్తుంది, రెండు అడ్డగీతలు కలిపి ఒక పొడవు గీత చేస్తుంది. మామూలు రాతకి అందమే, కోడ్‌కి విషం. కోడ్ బ్లాక్‌లో పెడితే ముట్టుకోదు. వర్డ్‌లో రాసి తెచ్చి పేస్ట్ చేస్తే మాత్రం అక్కడే వంకరైపోయి ఉంటాయి, నోట్‌ప్యాడ్‌లో రాసుకోండి.

శీర్షికలో తెలుగు, గుర్తులు పెడితే లింకు ఏమవుతుంది?

లింకులో ఒక్కో తెలుగు అక్షరం శాతం గుర్తులతో కలిసి తొమ్మిది అక్షరాలవుతుంది. ‘తెలుగు’ అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, మొత్తం ఆరు. అంటే 54. వర్డ్‌ప్రెస్ ఈ భాగానికి 200 దగ్గర గీత గీస్తుంది కాబట్టి ఇరవై రెండు తెలుగు అక్షరాలు దాటగానే లింకు మధ్యలో తెగుతుంది. బ్లాగర్ అయితే తెలుగుని వదిలేసి బ్లాగ్-పోస్ట్ అని పెట్టి ఊరుకుంటుంది. ప్రచురించే ముందే లింకుని ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నగా రాసిపెట్టుకోండి. ప్రచురించాక మారిస్తే పాత లింకు పంచుకున్నవాళ్లు దారి తప్పే ప్రమాదం ఉంది.

సోషల్ మీడియాలో కనిపించే లావు, వంపు ఇంగ్లిష్ అక్షరాల్లా తెలుగులో చేయొచ్చా?

కుదరదు. అవి గణితం కోసం యూనికోడ్‌లో విడిగా పెట్టిన అక్షరాలు, తెలుగుకి అలాంటివి లేవు. ఉన్నా వాడమనను. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాటిని ఒక్కో అక్షరం పేరుతో సాగదీస్తుంది, లేదా వదిలేస్తుంది.

చివర © పెట్టకపోతే నా రాతల మీద హక్కు ఉండదా?

ఉంటుంది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సొంతంగా రాయగానే హక్కు వస్తుంది. గుర్తు పెట్టడం, రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు. పెడితే ఇది ఎవరిదో చదివేవాళ్లకి తెలుస్తుంది, అంతే.

ప్రతిసారీ ఇవన్నీ వెతుక్కోకుండా మార్గం లేదా?

మీరు తరచుగా వాడేవి మహా అయితే పది ఉంటాయి. వాటిని ఒక డ్రాఫ్ట్‌లో వరసగా పెట్టుకుంటే అదే మీ సొంత కీబోర్డు: ₹ ° ½ ¼ ¾ × © । ॥ ఁ ః ఽ. అంతకంటే మంచిది ఫోన్‌లో పొట్టి మాటలు నేర్పడం. ఐఫోన్ కీబోర్డు సెట్టింగుల్లో టెక్స్ట్ రీప్లేస్‌మెంట్ అని, జీబోర్డ్‌లో వ్యక్తిగత నిఘంటువు అని ఉంటాయి. ‘జంటగీత’ అని కొడితే ॥ రావాలని అక్కడ రాసుకోండి. కంప్యూటర్‌లో వర్డ్ వాడేవాళ్లు ఆటోకరెక్ట్ జాబితాలో ఇదే పని చేసుకోవచ్చు. పొట్టి మాటగా మామూలు రాతలో వచ్చే పదాన్ని మాత్రం పెట్టుకోకండి. ‘గీత’ అని పెట్టుకుంటే భగవద్గీత గురించి రాసేటప్పుడు మాటిమాటికీ గుర్తు వచ్చి పడుతుంది.